గోడ మీద గట్లు, రంగుల మడులు: జపాన్ అలంకరణ టైల్స్ ఉపరితలాన్ని చదవడం ఎలా?

మలంచా (ఖరగ్‌పూర్): పాత ఇంటిని కూల్చేవారు ముందుగా తలుపులను, కిటికీలను, దూలాలను జాగ్రత్తగా ఊడదీస్తారు. వాటికి పాత సామాను దుకాణంలో ధర పలుకుతుంది. వరండా గోడకు నడుము ఎత్తు వరకు అతికించిన రంగు టైల్స్‌కు ఆ మర్యాద దక్కదు. సుత్తి దెబ్బకు అవి ఇటుక ముక్కలతో కలిసి రాలి, కొత్త ఇంటి పునాదిలో పూడికగా చేరతాయి. రాలిన ఆ ముక్కల్లో ఒకదాన్ని తిప్పి చూస్తే, వెనుకవైపు ఆంగ్ల అక్షరాలలో ‘మేడ్ ఇన్ జపాన్’ అన్న అచ్చు కనిపించవచ్చు. ముందువైపు ఉబ్బెత్తు పూలు, తీగలు, నిగనిగలాడే రంగులు కూడా ఉంటే, ఆ పలక చాలావరకు రెండో ప్రపంచ యుద్ధానికి ముందే సముద్రం దాటి వచ్చినదై ఉంటుంది.

పందొమ్మిదో శతాబ్ది చివరలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే మార్గాల కూడలిగా ఖరగ్‌పూర్ పట్టణం ఎదిగింది. రైల్వే కొలువుల కోసం కోస్తా జిల్లాల నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఇక్కడ స్థిరపడ్డాయి. హౌరాకు, ఖరగ్‌పూర్‌కు మధ్య రైలు దూరం సుమారు 115 కిలోమీటర్లు. విదేశీ సరుకు బెంగాల్‌లో అడుగుపెట్టిన ప్రధాన రేవు కలకత్తాయే. దేశంలోని ఇతర పట్టణాల మాదిరిగానే ఈ ప్రాంతంలోనూ పాత ఇళ్ళ స్థానంలో అంతస్తుల భవనాలు లేస్తున్నాయి. కూల్చివేతకు ముందు గోడను ఒకసారి పరిశీలించాలంటే ఏం చూడాలో తెలిసి ఉండాలి.

జపాన్ అలంకరణ టైల్స్ విషయంలో కంటి కంటే వేలి కొస ఎక్కువ సాక్ష్యం చెబుతుంది. వాటి పైతలంలోని ఎత్తుపల్లాలు మొదట పుట్టింది రంగులను అదుపులో పెట్టడానికి. అందం ఆ అవసరం వెంట వచ్చింది.

పేరులో ఒక తికమక

ఈ టైల్స్‌ను సేకర్తలు, పరిశోధకులు ‘మజోలికా టైల్స్’ అని పిలుస్తారు. ఈ పేరు మజోర్కా అనే మధ్యధరా ద్వీపం నుంచి వచ్చిందని ఎక్కువమంది అంగీకరిస్తారు. స్పెయిన్ నుంచి ఆ ద్వీపం మీదుగా ఇటలీకి చేరిన మెరుపు పింగాణీకి ఇటలీ వారు ఆ పేరు పెట్టారు. తరువాత తగరం కలిపిన తెల్లని పూత మీద రంగులతో చిత్రించే తమ సొంత పాత్రలకూ అదే పేరు వాడుకున్నారు.

ఇంగ్లండ్‌లోని మింటన్ కర్మాగారం 1851 నాటి లండన్ మహా ప్రదర్శనలో ‘మజోలికా’ పేరుతో సరుకును ప్రవేశపెట్టింది. కాలక్రమంలో ఈ పేరు స్థిరపడింది మాత్రం వేరొక రకానికి. ఉబ్బెత్తు బొమ్మ మీద సీసం కలిపిన, పారదర్శకమైన రంగుల గాజు పూత పోసి కాల్చిన వస్తువులనే వ్యాపారులు మజోలికా అన్నారు. జపాన్ వారు అనుకరించింది ఈ ఇంగ్లిషు రకాన్నే. అందుచేత ఇటలీ పేరు, ఇంగ్లండ్ పద్ధతి, జపాన్ పనితనం ఒకే పలకలో కలిశాయి.

‘టైల్’ అన్న మాటకు జపాన్‌లో ఒక పుట్టినరోజు ఉంది. అంతకుముందు అక్కడ ఇదే వస్తువుకు పాతికకు పైగా పేర్లు వాడుకలో ఉండేవి. వాటిలో చాలా పేర్లు ఇంటి కప్పు పెంకును సూచించే ‘కవారా’ అన్న మాటతోనో, ఇటుకను సూచించే ‘రెంగా’ అన్న మాటతోనో ముగిసేవి. 1922 ఏప్రిల్ 12న టోక్యోలో జరిగిన ప్రదర్శన సందర్భంగా సమావేశమైన తయారీదారులు, ఇకపై అందరూ ‘తైరు’ అనే మాటే వాడాలని నిర్ణయించారు. ఇంగ్లిషు మాటకు అది జపాన్ ఉచ్చారణ. తెలుగులో అటువంటి తీర్మానం ఏదీ జరగలేదు. కప్పుకు వేసేది పెంకు, నేలకు పరిచేది బండ అయ్యాయి. గోడకు అతికించేది మాత్రం బహువచన రూపంలోనే గడ్డకట్టి, ఒక్కటి పగిలినా ‘ఒక టైల్స్ పగిలింది’ అనే వాడుకగా మిగిలింది. బెంగాలీలోనూ దాదాపు ఇదే తీరు. అక్కడ ‘టాలి’ అంటే కప్పు పెంకు, ‘టైల్స్’ అంటే గోడకు వేసేది.

తడి మట్టి నుంచి పొడి మట్టికి

తడి మట్టిని పలచగా పరిచి ఆరబెడితే అది కుంచించుకుపోతుంది, అంచులు వంకర తిరుగుతాయి. చేతితో చేసిన పాత పలకలన్నిటికీ ఉన్న ఇబ్బంది ఇదే. 1840లో రిచర్డ్ ప్రాసర్ అనే ఆంగ్లేయుడు దీనికి విరుగుడు కనిపెట్టి హక్కు పత్రం పొందాడు. దాదాపు పొడిగా ఉన్న మట్టిని ఉక్కు అచ్చులో పోసి, మర సాయంతో బలంగా అదిమితే, అంచులు తిన్నగా, మందం సమంగా ఉన్న పలక వస్తుంది. నీరు తక్కువ కనుక కుంచించుకుపోవడమూ తక్కువే. అచ్చు లోపలి ముఖం మీద చెక్కిన బొమ్మ ఏదైనా పలక మీద స్పష్టంగా దిగుతుంది. ప్రతి పలకా మరొక దానికి అచ్చంగా సరిపోతుంది. గోడ నిండా సాగే లతల అల్లిక అతుకు తెలియకుండా కుదరడం ఈ పద్ధతి వల్లే సాధ్యమైంది.

జపాన్ కర్మాగారాలు ఈ పొడి మట్టి పద్ధతిని 1908 ప్రాంతంలో చేజిక్కించుకున్నాయి. వాటిలో అవాజి ద్వీపంలో పుట్టిన డాంటో సంస్థ ముఖ్యమైనది. పందొమ్మిదో శతాబ్దిలో కషూ మిన్‌పెయ్ అనే కుమ్మరి అదే ద్వీపంలో పసుపు, ఆకుపచ్చ పూతల పాత్రలకు పేరు తెచ్చాడు. ఆ అనుభవం టైల్స్ పరిశ్రమకు పునాది అయింది. నగోయా పరిసరాలలోని కర్మాగారాలు కూడా ఈ రంగంలోకి వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల ఐరోపా సరుకు రావడం తగ్గిన ఆసియా విపణిలోకి జపాన్ టైల్స్ చౌక ధరతో ప్రవేశించాయి. 1920, 1930 దశకాలలో అవి తైవాన్, సింగపూర్, మలయా, భారతదేశం వరకు విస్తరించాయి. సింగపూర్, మలక్కా, పెనాంగ్‌లలోని పెరనాకన్ చీనా కుటుంబాల ఇళ్ళ ముంగిళ్ళలోనూ, తమిళనాడులోని చెట్టినాడు భవనాలలోనూ అవి నేటికీ కనిపిస్తాయి.

గట్లు, మడులు

గాజు పూత అంటే గాజుగా మారే ఖనిజాల పొడిని నీటిలో కలిపిన ద్రవం. బట్టీలో అది కరిగి పారుతుంది. ఒకే పలక మీద ఎరుపు పక్కన పసుపు, దాని పక్కన ఆకుపచ్చ పోసి కాల్చితే, కరిగిన రంగులు ఒకదానిలోకి మరొకటి పారి మురికి ముద్ద అవుతాయి. దీనికి కుంచె నైపుణ్యం పరిష్కారం కాదు. రంగులను విడదీసే అడ్డు కావాలి.

ఆ అడ్డే పలక మీది సన్నని ఉబ్బెత్తు గీత. వరి మడి చుట్టూ గట్టు వేసి నీరు నిలిపినట్టు, బొమ్మ అంచుల వెంట మట్టి గీత లేపి, దాని లోపల రంగు పూత నింపుతారు. రంగులు తమ తమ మడులలోనే కరిగి గాజవుతాయి. పూత గట్టు మీద నిలవదు, కిందికి జారుతుంది. అందువల్ల గట్టు తల పలచబడి, మట్టి రంగు బయటపడి, బొమ్మకు తనంతట తానే ఒక లేత రేఖ గీసినట్టవుతుంది. గుడ్డి వెలుతురులో వేలు ఆడించినా ఈ గీత తగులుతుంది. పూర్తిగా నున్నగా ఉండి, బొమ్మ లోపల ఎక్కడో ఉన్నట్టు తోస్తే, అది అచ్చు కాగితంతోనో, ఇటీవలి ముద్రణ యంత్రంతోనో దించిన బొమ్మ అని గ్రహించవచ్చు.

రెండో రకం ఉపరితలం ఇంకా నేర్పైనది. ఇందులో రంగులను విడదీసే గట్టు ఉండదు. ఒకే రంగు పూత పలకంతా పరుచుకుంటుంది. అయితే అచ్చు ముఖం మీద బొమ్మను లోతుగా, నిస్సారంగా, వాలుగా రకరకాల మట్టాలలో చెక్కుతారు. పూత పల్లంలో మడుగు కట్టి మందంగా నిలిచిన చోట ముదురు రంగు, మిట్ట మీద పలచబడిన చోట లేత రంగు కనిపిస్తుంది. ఒక్క ఆకుపచ్చతోనే గులాబీ రేకు మడత, ఆకు ఈనె, నీడ అన్నీ పలుకుతాయి. చెరువులో లోతు పెరిగిన కొద్దీ నీటి రంగు మారినట్టే ఇక్కడా జరుగుతుంది. పూత పారదర్శకం కాకపోతే ఈ పని జరగదు. ఇటలీ వారి తెల్లని తగరపు పూతతో ఇది అసాధ్యం. సీసం కలిసిన పూత తక్కువ వేడికే కరిగి, స్వచ్ఛమైన గాజులా మెరుస్తుంది కనుకనే ఆనాటి తయారీదారులు దానిని ఎంచుకున్నారు.

దేవుళ్ళు పలక మీదికి వచ్చిన తీరు

జపాన్ వ్యాపారులు తొలుత ఇంగ్లిషు గులాబీలను, వంకీల తీగలను యథాతథంగా అచ్చువేశారు. కొనుగోలుదారు మారిన కొద్దీ బొమ్మ మారింది. చీనా కుటుంబాల కోసం పీచు పండ్లు, పక్షులు వచ్చాయి. భారతదేశం కోసం కృష్ణుడు, లక్ష్మి, సరస్వతి వచ్చారు. ఆ రూపాలకు మాతృకలు ఈ దేశంలోనే ఉన్నాయి. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో స్థాపించిన ముద్రణాలయం దేవతా చిత్రాలను రంగుల అచ్చులో ఇంటింటికీ చేర్చింది. ఆ ధోరణిలో వచ్చిన పటాల రూపాలే జపాన్ అచ్చులలో ఉబ్బెత్తు విగ్రహాలుగా మారాయి.

ఈ మార్పు ఉపరితలం పాత్రనే మార్చివేసింది. గోడకు వేలాడే పటం మీద అద్దం ఉంటుంది, చేయి దేవుణ్ణి తాకదు. ఉబ్బెత్తు పలక మీద చేయి నేరుగా తాకుతుంది. బొట్టు పెడితే కుంకుమ గట్టు పక్క సందులో నిలుస్తుంది. కాగితం పటంలా చెద పట్టదు, వెలిసిపోదు. పూజ గదిలో, వాకిలి స్తంభం మీద, గుడి గోడ మీద శాశ్వతంగా నిలిచే పటాన్ని దేశంలోని కొనుగోలుదారు కోరుకున్నాడు. ఆ కోరికను అవాజి, నగోయా కర్మాగారాలు అర్థం చేసుకున్నాయి.

పసిఫిక్ యుద్ధంతో ఈ రాకపోకలు తెగిపోయాయి. పలక మీది దేవుడు మాత్రం పోలేదు. నేడు నగరాల ప్రహరీ గోడల మీద, మెట్ల మలుపులలో ఉమ్మివేయకుండా ఆపడానికి అతికించే దేవుళ్ళ టైల్స్ ఆ పలకలకు దూరపు వారసులే. తేడా ఒక్కటే, వీటిలో బొమ్మ ఉపరితలం కింద ముద్రణగా ఉంటుంది, వేలికి ఏమీ తగలదు.

గీతలు, నెర్రెలు, బట్టీ మార్పు

మజోలికా ఒక్కటే జపాన్ ఉపరితల శైలి కాదు. అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ రూపొందించిన టోక్యోలోని ఇంపీరియల్ హోటల్ 1923 సెప్టెంబరు 1న, కాంతో మహా భూకంపం వచ్చిన రోజే ప్రారంభమైంది. దాని గోడలకు తొకోనామె పట్టణంలో తయారైన పసుపు గోధుమ రంగు ఇటుక పలకలు వాడారు. తడి మట్టి మీద దువ్వెనతో లాగినట్టు నిలువు చారలు గీసి కాల్చడం వాటి ప్రత్యేకత. గాజు పూత లేని ఆ గరుకు ముఖం ఎండను మిరుమిట్లు గొలిపేలా తిప్పికొట్టదు. ప్రతి చారా ఒక సన్నని నీడను దాచుకుంటుంది. పలకకూ పలకకూ మధ్య రంగు తేడా ఉన్నా ఆ నీడల్లో కలిసిపోతుంది. ఆ హోటల్ తరువాత ‘గీత పలక’ జపాన్ అంతటా వాడుకలోకి వచ్చింది. 1960ల చివర హోటల్‌ను కూల్చివేసినప్పటికీ, దాని ప్రవేశ భాగాన్ని ఇనుయామా సమీపంలోని మెయ్‌జీ మురా ఆరుబయలు మ్యూజియంలో తిరిగి నిలిపారు.

మరొక ఉపరితలం నెర్రెలది. బట్టీ నుంచి బయటికి వచ్చి చల్లారేటప్పుడు గాజు పూత, దాని కింది మట్టి రెండూ కుంచించుకుపోతాయి. పూత ఎక్కువగా కుంచించుకుపోతే, ఎండిన చెరువు నేలలా సన్నని పగుళ్ళ వల ఏర్పడుతుంది. కావాలని తెచ్చిన నెర్రెలను జపాన్ కుమ్మరులు ‘కన్న్యూ’ అని పిలిచి అలంకారంగా చూశారు. అయితే పాత గోడ టైల్స్ మీద కనిపించే నెర్రెలు చాలాసార్లు వయసు తెచ్చినవి. రంధ్రాలున్న మట్టి దశాబ్దాల తరబడి తేమ పీల్చి కొద్దిగా ఉబ్బుతుంది, ఉబ్బలేని గాజు చిట్లుతుంది. బెంగాల్ వంటి తడి వాతావరణంలో గోడ లోపలి ఉప్పు ఈ నెర్రెల వెనుక పేరుకుంటే పూత పెచ్చులుగా ఊడుతుంది.

‘యోహెన్’ అనేది మూడో రీతి. బట్టీలోని గాలి, మంట, బూడిదల వల్ల పూత రంగు ఊహించని విధంగా మారడం దీని అర్థం. గాలి ధారాళంగా ఆడితే ఇనుము పసుపు, గోధుమ రంగులు ఇస్తుంది. గాలి కొరవడితే అదే ఇనుము నీలి ఆకుపచ్చకు తిరుగుతుంది. రాగి మొదటి స్థితిలో ఆకుపచ్చ, రెండో స్థితిలో ఎరుపు ఇవ్వగలదు. అందువల్ల ఈ రకం గోడలో ఏ రెండు పలకలూ ఒక్కలా ఉండవు. మజోలికా తయారీదారు కోరుకున్న ఏకరూపతకు ఇది పూర్తి విరుద్ధం.

చిన్న ముక్కల మొజాయిక్ టైల్స్‌కు గిఫు ప్రాంతంలోని కసహరా కేంద్రం. జపాన్ లెక్కలో ముఖం వైశాల్యం 50 చదరపు సెంటీమీటర్లకు మించనిది మొజాయిక్ పలక. పాత ఇళ్ళ నుంచి సేకరించిన ముక్కలతో 2016లో అక్కడ ఒక మ్యూజియం వెలిసింది. ఇక 1990ల చివరి నుంచి జపాన్‌లో ఊపిరాడే పలకలు కూడా వచ్చాయి. పూత వేయకుండా, అతి సూక్ష్మమైన రంధ్రాలతో చేసిన ఈ గోడ పలకలు గదిలో తేమ పెరిగితే పీల్చుకుని, తగ్గితే విడుస్తాయి. వీటిని నీరు నేరుగా పడే చోట వాడకూడదు.

నేటి దుకాణంలో ఏం అడగాలి?

ఇప్పుడు దేశంలో టైల్స్ ఉత్పత్తికి గుజరాత్‌లోని మోర్బి ప్రధాన కేంద్రం. బొమ్మను ముద్రణ యంత్రం సిరా చల్లి దించుతుంది. గరుకుదనం కావాలంటే అదిమే అచ్చు ముఖాన్నే ఎగుడుదిగుడుగా చేస్తారు. దుకాణంలో ‘ఉబ్బెత్తు’ అని చూపేది నిజంగా అచ్చులో పుట్టినదా, నీడతో సహా ముద్రించినదా అన్నది ఫోన్ దీపంతో తేలుతుంది. దీపాన్ని పలకకు ఎదురుగా కాక పక్క నుంచి, దాదాపు ఆనించి పట్టాలి. నిజమైన మిట్ట నీడ వేస్తుంది, దీపం జరిగితే నీడా జరుగుతుంది. ముద్రించిన నీడ కదలదు.

ఉపరితలం ఎంపిక చాకిరీకి సంబంధించినది కూడా. లోతైన గీతల్లో వంటింటి జిడ్డు, స్నానాల గది సున్నపు మరక చేరితే బ్రష్షు పెట్టక తప్పదు. కాబట్టి పొయ్యి వెనుక గోడకు నున్నటి లేదా నిస్సారమైన ఉబ్బెత్తు, వరండాకు, హాలు గోడకు లోతైనది తగినవి. గోడ టైల్స్ సాధారణంగా 10 శాతానికి మించి నీరు పీలుస్తాయి. వాటిని నేలకు వేయడం సరికాదు.

కూల్చే ముందు

పాత గోడ మీద ఉబ్బెత్తు టైల్స్ కనిపిస్తే ముందు కొలత తీసుకోవాలి. ఆనాటి ప్రధాన పరిమాణం ఆరు అంగుళాల చదరం, అంటే సుమారు 15.2 సెంటీమీటర్లు. అంచు పట్టీలకు అందులో సగం వెడల్పు పలకలు వాడేవారు. తరువాత గోడ మొత్తాన్ని, పక్క వెలుతురులో ఒక్కొక్క రకం పలకను ఫోటో తీసి ఉంచాలి. ఏ పలక పక్కన ఏది ఉందో తెలియకపోతే బొమ్మ తిరిగి కుదరదు.

సున్నపు గారతో అతికించినవి సిమెంటుతో అతికించిన వాటికంటే తేలికగా ఊడతాయి. తాపీమేస్త్రీ చేత అంచు పలకతో మొదలుపెట్టించి, పలచని ఉలితో వెనుక గారను కొద్దికొద్దిగా తొలిపించాలి. పలక ముఖం మీద దెబ్బ పడకూడదు. ఊడిన తరువాత వెనుకనున్న ముద్రను, అక్షరాలను చెరపకుండా గారను మాత్రమే తొలగించాలి. తయారీదారును గుర్తించేది ఆ ముద్రే.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. స్నానాల గది యాసిడ్ వాడరాదు, సీసపు పూతను అది తిని మెరుపును చంపుతుంది. మెత్తని గుడ్డ, కొద్దిగా సబ్బు నీరు చాలు. చెక్కుచెదరని పలక గోడ మీద ఉన్నంతవరకు భయం లేదు. దానిని మరతో కోసినా, అరగదీసినా సీసం కలిసిన ధూళి లేస్తుంది. ఆ పని చేయక తప్పకపోతే నీరు పోస్తూ, ముక్కుకు తగిన మాస్కు కట్టుకుని, పిల్లలకు దూరంగా చేయాలి. ఆహారం పెట్టే పళ్ళాలుగా ఈ పలకలను వాడకూడదు.

తైవాన్‌లోని చియాయి నగరంలో కూల్చివేతకు సిద్ధమైన ఇళ్ళ నుంచి ఇలా ఒక్కొక్కటిగా విడదీసిన పలకలతో ఏకంగా ఒక మ్యూజియం ఏర్పడింది. తొకోనామె మ్యూజియం కూడా తమ దేశం ఎగుమతి చేసిన మజోలికాపై ప్రత్యేక ప్రదర్శన నిర్వహించింది. భారతదేశంలో అటువంటి పలకలు ఎక్కువగా పాత సామాను దుకాణాల గుండానో, పునాది పూడిక గుండానో పోతున్నాయి. ఒక ఇంటి యజమాని చేయగలిగింది చిన్న పని. గడ్డపార తగలకముందు, సాయంత్రపు ఏటవాలు ఎండ వరండా గోడ మీద పడే వేళ, వేలితో ఒకసారి తడిమి చూడాలి. గట్టు తగిలితే పని ఒక్క రోజు ఆపవచ్చు.